వాన వాసన లేని చొక్కా

ఆవిడ మంచినీళ్ళ గ్లాసు నా చేతికి ఇవ్వబోయి ఆగింది. వెనక్కి వెళ్ళి, నీళ్ళు గోరువెచ్చగా చేసి తెచ్చింది. నేను దగ్గింది ఒక్కసారే, అదీ చెయ్యి అడ్డం పెట్టుకుని. భర్త పోయి రెండు వారాలు కూడా కాని మనిషి నా గొంతు సంగతి గమనించింది. గ్లాసు అందుకున్నాను. తాగేశాను.

ఆవిడ భర్తను ల్యాబ్‌లో అందరూ మట్టి మాస్టారు అనేవాళ్ళు. ఎక్కడికెళ్ళినా అక్కడి మట్టి చిటికెడు పొట్లం కట్టుకుని వచ్చేవాడట. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు పక్కవాటిని చంపడానికి రకరకాల రసాలు ఊరబెడతాయి. వాటిలోంచి మందులు తియ్యడం ఆయన పని. ఉన్న మందులు వేటికీ లొంగని క్రిములు ఇప్పుడు ఆస్పత్రుల్లో తిరుగుతున్నాయి. అలాంటి క్రిమిని చంపే రసం ఊరించే సూక్ష్మజీవి ఒకటి, జీవితమంతా వెతికితే, ఈ మధ్యే ఆయనకు దొరికింది. ఆయన ఏళ్ళ తరబడి పెంచే ఆ జాతి జీవులన్నిటికీ తొలకరి పడ్డ నేల వాసనే, దీనికి మరీ ఎక్కువట. అందుకని దానికి వానమ్మ అని పేరు పెట్టుకున్నాడు.

ఆయన ల్యాబ్ కోల్డ్ రూమ్‌లో చనిపోయి కనిపించాడు. ఇన్‌స్పెక్టర్ ప్రమాదమే అన్నాడు. ఆవిడ నమ్మలేదు. రిటైరైన పోలీసువాణ్ణని నన్ను పిలిచింది.

"అన్నయ్యగారూ, ఒక మాట అడుగుతాను, నవ్వకండి. ఈ ఇంట్లో మీకు వాన వాసన వస్తోందా?"

"నాకు వాసనలు తెలియవమ్మా. ఆమధ్య జ్వరమొకటి వచ్చింది. పోతూ పోతూ ముక్కును కూడా వెంటబెట్టుకుని పోయింది."

ఆవిడ చిన్నగా నవ్వింది. "రోజూ సాయంత్రం ఆయన చొక్కా తడవకుండానే తడిసినట్టు ఇంటికొచ్చేది. విప్పి కొక్కేనికి తగిలిస్తే గదంతా వాన. పెళ్ళయిన కొత్తలో తలనొప్పి వచ్చేది. ఇప్పుడు చొక్కాలన్నీ ఉతికేశాను. మనిషి లేడు. అయినా వంటింట్లోకి అడుగు పెడితే వాన వాసన. చెల్లెలు నాది భ్రమ అంటోంది."

నా భార్య పోయాక చాలాకాలం తెల్లవారుజామున స్నానాల గదిలో కొళాయి తిప్పిన చప్పుడు వినిపించేది. లేచి వెళ్తే ఎవరూ ఉండరు. వినిపించడం ఆగిపోయిన రోజే ఎక్కువ బాధేసింది.

"రానివ్వండమ్మా. ఎవరికీ నష్టం లేదు" అన్నాను.

వంటింటి కిటికీలో ఒక మట్టి కుండీ ఉంది. అందులో మొక్క లేదు. పైన తడిపిన గుడ్డ కప్పి ఉంది. నేను చూడడం ఆవిడ చూసింది. "పోయే ముందు వారం తెచ్చారు. ఏం విత్తనం అని అడిగితే, మొలిచాక నువ్వే చూస్తావుగా అన్నారు. ఎండలో పెట్టొద్దు, గుడ్డ ఆరనివ్వొద్దు అని మరీ మరీ చెప్పారు. తడుపుతూనే ఉన్నాను. ఇంకా ఏమీ మొలవలేదు."

"మొలుస్తుందిలెండి."

"నాకు మొక్క గురించి కాదు దిగులు." ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. చెయ్యి తడిగా లేదు. "అమ్మాయి సంగతే."

వాళ్ళకు ఒక్కతే కూతురు. ఆపరేషన్ కుట్ల దగ్గర చీము పట్టి వార్డులో ఉంది. ఏ మందూ పనిచెయ్యడం లేదు. తండ్రి మందు ఒక్కటే మిగిలిందని, అనుమతులన్నీ తెచ్చి పెట్టుకుని డాక్టర్ ఎదురుచూస్తున్నాడు. మందు ల్యాబ్‌లో ఉంది. ల్యాబ్‌కు పోలీసు సీలు ఉంది.

"కేసు, కేసు అని పట్టుబట్టింది నేను. కేసు తేలితేగాని సీలు తియ్యరట. పోయిన మనిషి కోసం ఉన్న పిల్లను పోగొట్టుకుంటున్నానా, అన్నయ్యగారూ?"

సాయంత్రంలోగా ఏదో ఒకటి తేలుస్తానని చెప్పి లేచాను.

*

సీలు పడ్డప్పటి నుంచి ల్యాబ్ డైరెక్టర్ పక్క భవనంలో కూర్చుంటున్నాడు. బల్ల మీద కాగితాలు చాలా శుభ్రంగా సర్ది ఉన్నాయి. నాకు టీ తెప్పించాడు. నేను టీ రంగు చూసి, వేడి చూసి తాగుతాను. రుచి ఒకప్పటి జ్ఞాపకం.

"ఆ రోజు ఆయన్ని చివరిసారి ఎప్పుడు చూశారు?"

"సాయంత్రం నేను ఇంటికి బయల్దేరినప్పుడు. క్రిముల పెంపకం గదిలో ఫ్లాస్కుల దగ్గర ఉన్నారు. మధ్యాహ్నం నుంచీ అక్కడే. అద్దంలోంచి చెయ్యి ఊపాను. ఆయన తల ఎత్తలేదు. పనిలో పడితే అంతే ఆయన."

"మీరు వెళ్ళాక ఆ అంతస్తులో ఎవరున్నారు?"

"ఆయనొక్కరే. రాసుకోండి కావాలంటే."

"నేను రాసుకోను సార్. నా రాత నాకే అర్థం కాదు."

ఆయన నవ్వలేదు. "ఇన్‌స్పెక్టర్ గారికి అన్నీ చెప్పాను. కోల్డ్ రూమ్ తలుపు లోపలి గొళ్ళెం చెడిపోయిందని అందరికీ తెలుసు. ఎవరు వెళ్ళినా తలుపు సందులో స్టూలు పెట్టి వెళ్తారు. ఆయన మరిచిపోయారు. గుండె జబ్బు మనిషి. రాత్రంతా ఆ చలిలో..." మాట వదిలేశాడు.

"అమ్మాయి మందు సంగతేమిటి?"

"ఫ్లాస్కుల్లో కావలసినంత ఉంది. వాటిని ఊపే షేకర్ ఆపొద్దని నేనే బతిమాలి తిప్పిస్తున్నాను. సీలు తీసిన రోజే మందు తీసి పంపిస్తా. ఆలస్యం నా వల్ల కాదు." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అన్నట్టు, ఆయన ఇంటికి తీసుకెళ్ళిన సీసాలు, మట్టి పొట్లాలు ఏమైనా ఉంటే మాకు అప్పగించమని ఆవిడకు చెప్పండి. ఇళ్ళలో ఉండకూడనివి."

"మీ దగ్గర కావలసినంత ఉందన్నారుగా?"

"పద్ధతి పద్ధతే కదండీ."

నేను టీ ఊదుకున్నాను. "మీ ల్యాబ్‌లో ఎప్పుడూ వాన వాసన వస్తుందట."

"కొత్తవాళ్ళకు వస్తుంది. వారం తిరిగేసరికి ముక్కు దాన్ని లెక్కపెట్టడం మానేస్తుంది. ఇక్కడ పనిచేసే మాలో ఒక్కరికీ తెలియదు. ఓసారి సెలవు మీద వెళ్ళి నెల తర్వాత వచ్చాను. తలుపు తీస్తే గుప్పుమంది. రెండు రోజులు. మళ్ళీ మామూలే."

"మాస్టారి భార్య ముక్కు ఇంకా మానలేదు పాపం. చొక్కాలన్నీ ఉతికేసినా వంటింట్లో వాన వాసన వస్తూనే ఉందట" అన్నాను. ఏదో ఒకటి మాట్లాడాలని అన్న మాట.

ఆయన కప్పులో చెంచా తిప్పుతున్నాడు. చెంచా ఆగింది.

"పాపం" అన్నాడు. తర్వాత వాచీ చూసుకున్నాడు. ఆస్పత్రికి వెళ్ళి అమ్మాయిని చూడాలన్నాడు. తన టీ సగం కూడా తాగలేదు. నేను ఇంకా తాగుతున్నానని, దగ్గు తెర వచ్చి కప్పు కింద పెడితే, చల్లారకుండా దాని మీద సాసర్ బోర్లించి మరీ వెళ్ళాడు. ఇలాంటివి ఎవరు చేసినా నాకు గుర్తుండిపోతాయి.

*

ల్యాబ్ మెట్ల దగ్గర ఇన్‌స్పెక్టర్ తాళాల గుత్తి ఆడిస్తూ నిలబడి ఉన్నాడు. అతను నా భార్య తమ్ముడు. అక్క ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరినీ ఒక పళ్ళెంలో పెట్టి తినిపించాలని చూసింది. కుదర్లేదు.

"రా బావా. రిటైరైనా నీకు తలుపులు తియ్యడం నా ఉద్యోగంలో భాగమే కదా."

"తాళం తియ్యి. కబుర్లు తర్వాత."

"నీ కబుర్ల కోసం ఎవరు చస్తున్నారు? అక్కడ ఆ పిల్ల చస్తోంది. పొద్దున డాక్టర్ మళ్ళీ ఫోన్ చేశాడు. ప్రమాదమని నేను రాస్తే ఈపాటికి సీలు తీసేవాణ్ణి, ఆ పిల్లకు సూది పడేది. ఆవిడా నువ్వూ అడ్డం కూర్చున్నారు."

"నన్నొకసారి చూడనియ్యి. తర్వాత నువ్వు రాసేది రాసుకో. నేను అడ్డం రాను."

"మాట?"

"మాట."

కోల్డ్ రూమ్ మనిషెత్తు ఇనప్పెట్టెలా ఉంది. లోపల ఫ్రిజ్‌లో ఉన్నంత చలి. తలుపు పక్కన కొక్కేనికి దళసరి కోటు వేలాడుతోంది. దాని కింద గోడవారగా చెక్క స్టూలు. స్టూలు కాళ్ళు తలుపు అంచుకు రాసుకుని రాసుకుని నున్నబడిపోయాయి.

"ఈ కోటు ఇక్కడే ఉందా?"

"ఇక్కడే. స్టూలూ ఇక్కడే. నేనేదీ కదపలేదు. ఏదో చిన్న సీసా తెచ్చుకుందామని పోయుంటాడు. కోటెందుకు, స్టూలెందుకు అనుకున్నాడు. తలుపు పడింది. ఇంతే బావా. ప్రతి చావు వెనకా ఎవడో ఒకడు నిలబడి ఉండడు."

"లైటు స్విచ్ ఎక్కడ?"

అతను నా వెనక్కి చూపించాడు. స్విచ్ తలుపు బయట గోడకు ఉంది. నొక్కాను. లోపల బల్బు వెలిగింది. తలుపు మూశాను. మూస్తే లోపల వెలుగుందో చీకటుందో తెలియదు.

"పొద్దున తలుపు తీసిన వాచ్‌మన్ నీకేం చెప్పాడు?"

"చీకట్లో కాలికి తగిలాడు సార్, అన్నాడు. భయపడి బయటికొచ్చి లైటేశాడు."

"అంటే లైటు ఆరిపోయి ఉంది."

"ఆరిపోయి ఉంది."

"ఏరా, చీకటి గదిలోకి సీసా వెతుక్కుంటూ ఎవడైనా లైటు లేకుండా పోతాడా?"

ఇన్‌స్పెక్టర్ తాళాల గుత్తి ఆడించడం ఆపాడు. "చివర్న వెళ్ళేవాళ్ళు లైట్లన్నీ ఆర్పి వెళ్ళాలని ఇక్కడ రూలు. ఎవరో అలవాటుగా ఆర్పి ఉంటారు."

"ఎవరో అంటే? వాచ్‌మన్‌కు ఈ అంతస్తు తాళం ఉందా?"

"రాత్రి ఉండదు. పొద్దున డైరెక్టర్ మనిషి ఇస్తాడు."

"డైరెక్టర్ ముందే ఇంటికి వెళ్ళాడు. చివరికి ఉన్నది మాస్టారొక్కడే. నీకూ అదే చెప్పాడు, నాకూ అదే చెప్పాడు. మరి మాస్టారు లోపల ఉండి, బయటి స్విచ్ ఎలా ఆర్పుకున్నాడు?"

అతను స్విచ్ వైపు చూశాడు. పొరపాటు చేసినప్పుడు వాళ్ళక్క కూడా ఇలాగే, ఎదుటివాణ్ణి వదిలేసి వస్తువును చూసేది.

"స్విచ్ ఒక్కటి పట్టుకుని ఒక పెద్దమనిషి మీద హత్య కేసు కట్టమంటావా? లాయర్ నవ్విపోతాడు. బల్బు వదులైందంటాడు, కరెంటు పోయిందంటాడు."

"అంటాడు. పద, ఆ ఫ్లాస్కులున్న గది చూద్దాం."

*

పెంపకం గదిలో షేకర్ తిరుగుతోంది. బల్లంత పళ్ళెం, దానిమీద వరసగా స్ప్రింగు పట్టీలు, ఒక్కో పట్టీలో ఒక్కో ఫ్లాస్కు. అన్నీ ఒకే దిక్కున, ఒకే తీరుగా ఊగుతున్నాయి. లోపల గోధుమరంగు నీళ్ళు. మధ్య వరసలో ఒక పట్టీ ఖాళీగా ఉంది. మిగతా పట్టీల కింద ఎలా మరక ఉందో దాని కిందా అలాగే గుండ్రటి మరక ఉంది.

"ఇదెవరు తీశారు?"

"నాకు తెలియదు. సీలు వేసేటప్పటికే ఖాళీ. మాస్టారే తీసుకున్నాడేమో."

షేకర్ ఆపాను. ఒక ఫ్లాస్కు పట్టీలోంచి ఊడదీసి అతని ముక్కు దగ్గర పెట్టి, దూది మూత తీశాను.

"ఏంటిది బావా?"

"నా ముక్కు పోయింది. నీది అప్పు ఇయ్యి."

తల కాస్త వెనక్కి లాక్కుని, మళ్ళీ దగ్గరికి వచ్చి పీల్చాడు. "బంగాళాదుంపలు ఉడకబెట్టిన నీళ్ళలా ఉంది."

"వాన వాసన?"

"లేదు."

ఇంకొకటి. ఇంకొకటి. మూడోదానికి తనే మూత తీసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

"మాస్టారి చావు రోజు మొదటిసారి ఈ గదిలోకి వచ్చావు కదా. అప్పుడు?"

"అప్పుడూ లేదు. ఇక్కడ వాసనేదో రావాలని నాకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పరు. ఇక్కడివాళ్ళ ముక్కులు దాన్ని లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాయి. అందుకే అది పోయిన సంగతి కూడా ఒక్కరికీ తెలియలేదు. నువ్వు కొత్తవాడివి. నీ ముఖాన గుప్పుమనాలి."

అతను జేబులో చేతులు పెట్టుకుని తీశాడు. "అంటే లోపలున్నది..."

"చచ్చిపోయింది. మాస్టారి చొక్కా తెచ్చావా?"

తెచ్చాడు. అడిగితే విసుక్కుంటాడుగాని, అడిగినది మరిచిపోడు. శవం మీదినుంచి తీసిన చొక్కా, అప్పుడే కవర్లో పెట్టి మూతి అంటించేశారు. మూతి చింపి, ముఖం దించి వాసన చూశాడు. ఈసారి విసుక్కోలేదు. చనిపోయిన మనిషి చొక్కా గనక మెల్లిగా చూశాడు.

"సబ్బు. కొంచెం చెమట."

"అంతేనా?"

"అంతే."

"ఆయన భార్య చెప్పింది. ఇన్నేళ్ళలో ఆ చొక్కా వాన వాసన లేకుండా ఇంటికి వచ్చిన రోజు లేదు. ఆ రోజు మధ్యాహ్నమంతా ఈ ఫ్లాస్కుల పక్కనే ఉన్నాడని డైరెక్టర్ అంటున్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ అప్పటికే ఫ్లాస్కులు చచ్చి ఉన్నాయి."

అతను మూలనున్న పెద్ద ఆవిరి కుక్కర్ వైపు చూశాడు. వాడి పారేసే క్రిముల్ని ఉడకబెట్టి చంపడానికి అలాంటిది ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటుంది.

"ఉడకబెట్టేశాడా? ఎవరు?"

"మాస్టారే. వానమ్మను డైరెక్టర్ ఎవరికో చాటుగా అప్పగించబోతున్నాడని తెలుసుకుని ఉంటాడు. ఫ్లాస్కులన్నీ ఉడకబెట్టి, మళ్ళీ పట్టీల్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు తిప్పుతూ కూర్చున్నాడు. రంగు మారదు. వాసన పోయిన సంగతి ఎవరూ పట్టలేరు. ఆ ఖాళీ పట్టీలోని ఫ్లాస్కు డైరెక్టర్ తీసుకుపోయాడు. అంతా తన చేతికి వచ్చిందని ధీమా పడి, ఇక మాస్టారితో పనిలేదనుకున్నాడు. తర్వాత పెంచి చూస్తే ఏమీ పెరగలేదు."

"ఊహ."

"ఊహే. కానీ గది నిండా సజీవమైన వానమ్మ ఉన్నవాడు, ముసలాయన ఇంట్లో మిగిలిన మట్టి పొట్లాల కోసం ఎందుకు అడుగుతాడురా? పొద్దున నన్ను అడిగాడు."

అతను ఆగిపోయిన షేకర్ వైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చాలా మామూలు గొంతుతో అన్నాడు. "అయితే రసం కూడా ఉడికి పాడైంది. సీలు తీసినా ఆ పిల్లకు ఇక్కడ మందు లేదు."

"లేదు."

"పొద్దుట్నుంచీ నిన్ను తిట్టుకున్నాను."

"తెలుసు."

గోడవారగా ఉన్న కుర్చీ లాగి నా వెనక పెట్టాడు. నేను అడగలేదు. కూర్చున్నాను.

మాస్టారు దాన్ని పూర్తిగా చంపుకుని ఉండడు. కూతురు వార్డులో ఉంది. ఎక్కడో ఒకచోట కొంచెం బతికించుకుని, పెంచి, మందు తీసి స్వయంగా ఇద్దామనుకుని ఉంటాడు. వ్యవధి చాలలేదు. ఎక్కడ పెట్టాడు? మట్టిలో బతికేదాన్ని మట్టిలోనే పెడతాడు. ఎండ తగలకుండా. గుడ్డ ఆరిపోకుండా.

ఆ కుండీ పక్కన నిలబడే, మొలుస్తుందిలెండి అని చెప్పి వచ్చాను. అది భ్రమ అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. వెళ్ళి డైరెక్టర్ బల్ల ముందు కూర్చుని, వంటింట్లో వాన వాసన వస్తోందట పాపం, అన్నాను.

సీలు పడ్డ దగ్గర్నుంచి అతను ఈ ల్యాబ్‌లో అడుగు పెట్టలేదు. అతని ముక్కు ఈపాటికి బాగుపడి ఉంటుంది.

"ఆస్పత్రికి ఫోన్ చెయ్యి. డైరెక్టర్ వచ్చాడేమో కనుక్కో" అన్నాను. అతను చేశాడు. రాలేదన్నారు. నేను ఆవిడకు చేశాను. చాలాసేపు మోగాక తీసింది.

"అమ్మా, నేను. ఆ కుండీ ఎక్కడుంది?"

"కిటికీలోనే ఉంది అన్నయ్యగారూ. మీరే ఫోన్ చేశారా, మంచిదైంది. డైరెక్టర్ గారు పరామర్శకు వచ్చారు." ఆవిడ గొంతు పొద్దుట కంటే తేలికగా ఉంది. "మంచినీళ్ళు నేను తెస్తానంటే, వద్దు మీరు కూర్చోండి, నేనే తాగుతానని వంటింట్లోకి వెళ్ళారు. ఏమన్నారో తెలుసా? ఆయనకూ వాన వాసన వస్తోందట. నాది భ్రమ కాదు అన్నయ్యగారూ."

ఇన్‌స్పెక్టర్ నా ముఖం చూశాడు. తాళాల గుత్తి బల్ల మీద వదిలేసి మెట్ల వైపు పరుగెత్తాడు.

"అమ్మా, నా మాట వినండి. ఆ కుండీ ఆయన్ని ముట్టుకోనివ్వకండి" అంటున్నాను. అవతల ఆవిడ వినడం లేదు. ఎవరో పిలిస్తే అటు తిరిగినట్టుంది. ఫోన్లో దూరంగా, మర్యాదగా, మగ గొంతు ఒకటి అడుగుతోంది.

"ఈ గుడ్డ కప్పిన కుండీలో ఏం వేశారమ్మా?"